క్రోటన్ ఆకులు రాల్చిందని కంగారు పడకు

చిరంజీవి అమ్మలుకి పెద్దమ్మ ఆశీస్సులు.

నీ మెసేజ్ చూశాను, ఫొటోలూ చూశాను. తెచ్చి పది రోజులైనా కాకుండానే కింది ఆకులన్నీ రాలిపోతున్నాయని, మొక్క చచ్చిపోతుందేమోనని నీ భయం. అంత తేలిగ్గా చావదు. చోటు మారితే క్రోటన్ అలుగుతుంది, అంతే. నర్సరీలో మంచి వెలుగులో, తేమ గాలిలో పెరిగిన మొక్క ఒక్కసారిగా నీ హాల్లోకి వచ్చి పడింది. ఉన్న ఆకులన్నిటినీ ఆ తక్కువ వెలుగులో పోషించలేక కొన్నిటిని వదిలేస్తోంది.

నాకు టెన్షన్ ఆకులు రాలినందుకు కాదు, ఆ తర్వాత నువ్వు చేసినవాటికి. రోజూ నీళ్ళు పోశావు. బాల్కనీలోకి మార్చావు, మళ్ళీ లోపలికి తెచ్చావు. అది చాలక ఎరువు కూడా వేశావు! ఇక నుంచి నువ్వు చేయాల్సింది తక్కువ, ఆగి చూడాల్సింది ఎక్కువ.

ముందు కొమ్మ బతికి ఉందో లేదో చూడు. ఆకు రాలిన చోట బొటనవేలి గోరుతో మెల్లగా గీరు. పై పొర కింద పచ్చగా, తడిగా కనిపిస్తే ప్రాణం ఉన్నట్టే. గోధుమరంగులో ఎండిపోయి ఉంటే ఇంకాస్త కిందికి వచ్చి గీరి చూడు. పచ్చదనం ఎక్కడ దొరికితే అక్కడ, ఒక కణుపుకి కాస్త పైన, కత్తిరించెయ్. మోడులా మిగిలినా సరే, వేళ్ళు బాగుంటే ఆ కణుపుల దగ్గరే చిగురేస్తుంది. కోసిన చోట పాలు కారతాయి. టైర్లకి వాడే రబ్బరు చెట్టు, కర్రపెండలం కూడా క్రోటన్ కుటుంబానివే. ఆ పాలు బట్టలకంటితే మరక పోదు, కొందరికి చర్మం మంట పుడుతుంది. గ్లవ్స్ వేసుకో.

నీళ్ళకి రోజులు లెక్కపెట్టకు. వేలు మట్టిలో ఒక అంగుళం లోతుకి దింపు. తడి తగిలితే ఆ రోజు పోయకు. పొడిగా ఉంటే కుండీ అడుగు రంధ్రంలోంచి కారేదాకా పోసి, పళ్ళెంలో నిలిచిన నీళ్ళు పారబొయ్యి. ఇక్కడే చాలామంది పొరబడేది: దాహం వేసినా ఆకులు వాలతాయి, వేళ్ళు కుళ్ళినా వాలతాయి. మట్టి పొడిగా ఉండి వాలితే నీళ్ళు పోసిన కాసేపటికి మళ్ళీ నిలబడతాయి. తడిగా ఉండి వాలితే మాత్రం మొక్కని కుండీలోంచి తీసి చూడు. నల్లగా, మెత్తగా అయిన వేళ్ళు కత్తిరించి, నీరు నిలవని కొత్త మట్టిలో నాటు. జాలి పడి పెద్ద కుండీలోకి మార్చకు. వేళ్ళు తక్కువ, మట్టి ఎక్కువ అయితే తడి ఆరదు.

రంగులంటావా, అవి వెలుగుని బట్టే. ఇండోనేషియా, మలేషియా, పసిఫిక్ దీవుల మొక్క ఇది. వెచ్చదనం, తేమ, వెలుగు మూడూ కావాలి. వెలుగు చాలకపోతే కొత్తాకులు ఉత్త పచ్చగా వస్తాయి. చాలా రకాల్లో లేత ఆకు మొదట పచ్చగానే ఉండి ముదిరే కొద్దీ ఎరుపు, నారింజ తిరుగుతుంది కాబట్టి చిగురు చూసి నిరాశ పడకు. తూర్పు కిటికీ పక్కన పెట్టి, అక్కడే ఉండనియ్యి. ఏసీ గాలి సూటిగా తగలకూడదు. చలి పెరిగి ఉష్ణోగ్రత 15 డిగ్రీల కంటే తగ్గితే మళ్ళీ ఆకులు రాలుస్తుంది. బయట పెంచాలనుకుంటే ఒక్కసారే ఎండలోకి నెట్టకు. నీడలో మొదలుపెట్టి, ఉదయపు ఎండ రోజుకి కొంచెం కొంచెం పెంచుతూ ఒకటి రెండు వారాల్లో అలవాటు చెయ్యి.

ఎరువు సంగతి ఇప్పుడు మర్చిపో. కొత్త చిగుళ్ళు బాగా వచ్చాక నెలకోసారి చాలు.

పురుగుల్లో ఇంట్లో ఎక్కువ వేధించేది ఎర్రనల్లి. కంటికి సరిగా ఆనదు. ఆకు మీద సన్నటి చుక్కలు పడి రంగు వెలిసినట్టు కనిపిస్తే, ఆకు కింద తెల్లకాగితం పట్టి తట్టు. దుమ్ములాంటి చుక్కలు రాలి కదిలితే అవే. ఆకుల అడుగులు నీళ్ళతో బాగా కడిగి, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు మూడు చుక్కల సబ్బు ద్రావణం కలిపి సాయంత్రం కొట్టు, వారానికోసారి. మీ పెదనాన్నకి తడిగుడ్డతో ఒక్కో ఆకూ తుడవడం సరదా. నేను నవ్వుతాను గానీ, దుమ్ము పోతే ఆకుకి వెలుగు బాగా అందుతుంది, పురుగూ తొందరగా కంటపడుతుంది.

ఇంకొకటి, బుజ్జిగాడు పాకుతున్నాడు కదా. ఆకులు నమిలితే నోరు మండి వాంతులవుతాయి. వాడి చేతికందని ఎత్తులో కుండీ పెట్టు, రాలిన ఆకులు వెంటనే ఏరెయ్. గోరుతో గీరాక కొమ్మ ఎలా ఉందో ఫొటో తీసి పంపు.

మీ పెద్దమ్మ