బ్యాంకాక్‌లో ట్యాక్సీకి క్యాష్ ఇవ్వాలా, కార్డు సరిపోతుందా?

అమ్మానాన్నలతో మొదటిసారి బ్యాంకాక్ వెళ్తున్నామని, ట్యాక్సీలకి క్యాష్ కావాలా, కార్డుతో సరిపోతుందా, మన ఫోన్‌పే లాంటిదేమన్నా నడుస్తుందా అని అడిగారు కదా. నేను మా ఆవిడని, అమ్మని తీసుకుని వెళ్లొచ్చాను. ముందు చిల్లర థాయ్ బాత్‌లు దగ్గర పెట్టుకోండి, మిగతా ఏర్పాట్లు ఆ తర్వాత చూసుకోవచ్చు. నాకు ఇరుక్కున్నాక గానీ ఈ సంగతి తెలిసిరాలేదు.

హైదరాబాద్‌లో ఉండగానే, మన ఓలా, ఊబర్ లాంటి గ్రాబ్ యాప్ వేసుకున్నాను. కార్డు మాత్రం అక్కడ దిగాక ఎక్కిద్దాంలే అని వదిలేశాను. అదే నేను చేసిన తెలివితక్కువ పని. సువర్ణభూమి ఎయిర్‌పోర్టులో టూరిస్టు సిమ్ కొని, మన సిమ్ తీసి బోర్డింగ్ పాసు ముక్కలో చుట్టి మా ఆవిడ హ్యాండ్‌బ్యాగులో పడేశాం. తీరా కార్డు నంబరు కొడితే ఓటీపీ అడిగింది. అది వచ్చేది ఆ పొట్లంలో ఉన్న సిమ్‌కి! రోమింగ్ కూడా వేయించుకోలేదు. ఇంకో కార్డు ప్రయత్నిస్తే దానికి ఇంటర్నేషనల్ లావాదేవీలు ఆన్‌లో లేవు. 2020 మార్చి నుంచి రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం కొత్త కార్డులు దేశంలో వాడకానికే వస్తాయి, బయట వాడాలంటే మనమే ఆన్ చేసుకోవాలి. సరే ఆన్ చేద్దామని బ్యాంకు యాప్ తెరిస్తే, రిజిస్టరైన సిమ్ ఫోన్‌లో లేదని లోపలికే రానివ్వలేదు. కాబట్టి కార్డు ఆన్ చేయడం, యాప్‌లో ఎక్కించడం, రోమింగ్, ఈ మూడూ ఇంటి దగ్గరే ముగించుకోండి.

ఇక గత్యంతరం లేక ఏటీఎంకి వెళ్లాను. విదేశీ కార్డని అక్కడి బ్యాంకు 220 బాత్ పట్టుకుంది. మన లెక్కలో అప్పుడు బాత్ రెండున్నర రూపాయలు, అటూ ఇటూ. పైగా మెషీను 'మీ కరెన్సీలోనే లెక్క కట్టమంటారా' అని మర్యాదగా అడుగుతుంది. వద్దనండి. ఒప్పుకుంటే వాళ్లు వేసుకున్న రేటుకే మన డబ్బు పోతుంది. షాపుల్లో కార్డు గీకేటప్పుడూ అంతే, బాత్‌లోనే కట్టాలి. నోట్లు మార్చుకోవాలంటే అరైవల్స్ దగ్గరున్న కౌంటర్ల కన్నా కింద బేస్‌మెంట్‌లో, ఎయిర్‌పోర్ట్ రైల్ లింక్ స్టేషన్ దగ్గరున్న సూపర్‌రిచ్ లాంటి నోట్లు మార్చే కౌంటర్లలో రేటు బాగుంటుంది. నేను పైనే హడావుడి పడి ఆ సంగతి చూడలేదు.

ఏటీఎం ఇచ్చినవన్నీ వెయ్యి నోట్లే. అసలు కష్టం అక్కడ మొదలైంది.

మీటరు ట్యాక్సీలకి కింది అంతస్తులో మెషీన్లుంటాయి. తాకితే చీటీ వస్తుంది, అందులో ఏ లేన్‌లో కారు ఉందో నంబరుంటుంది. ఆ చీటీ మీ దగ్గరే ఉంచుకోండి, తర్వాత తగాదా వస్తే పనికొస్తుంది. మీరు నలుగురు, సూట్‌కేసులతో వెళ్తారు కాబట్టి మెషీనులో పెద్ద బండి ఎంచుకోండి. మామూలు కార్ల డిక్కీలో చాలావాటికి గ్యాస్ సిలిండరు ఉంటుంది, రెండు పెద్ద పెట్టెలకే నిండిపోతుంది. మా మూడో పెట్టె, మా హోటల్ ఉన్న ప్రతూనాం దాకా నా ఒళ్లోనే ప్రయాణం చేసింది.

మామూలు కార్లలో మీటరు 35 బాత్‌తో మొదలవుతుంది. ఎయిర్‌పోర్టు నుంచి ఎక్కితే దాని మీద 50 బాత్ అదనం. అది అధికారికమే, నాలాగా డ్రైవరుతో గొడవకి దిగకండి. టోల్ కూడా మనదే. మొదటి గేటు దగ్గర డ్రైవరు వెనక్కి చూడకుండానే అరచెయ్యి చాపాడు. 25 బాత్ కట్టాలి, నా చేతిలో వెయ్యి నోటు. తల అడ్డంగా ఊపి, తన జేబులోంచే కట్టేశాడు. రెండో గేటు దగ్గర 50, అదీ ఆయనే. హోటల్ ముందు ఆగేసరికి మీటరు 263. టోల్ 75, ఎయిర్‌పోర్టు 50 కలిపితే 388. నేను మళ్లీ అదే వెయ్యి నోటు తీశాను. ఆయన రెండు చేతులూ ఖాళీగా తిప్పి చూపించాడు. డ్యాష్‌బోర్డు మీద క్యూఆర్ అట్ట ఉంటే మన యాప్‌తో స్కాన్ చేశాను, తీసుకోలేదు. అది మన యూపీఐ లాంటి వాళ్ల ప్రాంప్ట్‌పే.

చివరికి అమ్మని, సామాన్లని కార్లోనే ఉంచి, మూల మీదున్న సెవెన్ ఎలెవెన్ దుకాణంలోకి పరిగెత్తి రెండు నీళ్ల సీసాలు కొని నోటు మార్చుకొచ్చాను. 400 ఇచ్చి, ఉంచుకోమన్నాను. ఆ రోజు నుంచి చిల్లర ఖజానా అమ్మదే. అక్కడి పది బాత్ బిళ్ల మన పది రూపాయల బిళ్లని తిరగేసినట్టుంటుంది, బయట తెలుపు, లోపల పసుపు. 'ఒరేయ్, వీళ్లు లోపలిది బయటపెట్టుకున్నార్రా' అంటూ వాటిని విడిగా జిప్పు పర్సులో వేసుకునేది. టోల్ గేటు కనబడగానే ముందే తీసి పట్టుకునేది.

తర్వాతి రోజుల్లో ఎక్కువగా గ్రాబే వాడాం, అందులోనూ క్యాషే పెట్టుకున్నాం. ఎంతవుతుందో ముందే కనిపిస్తుంది కాబట్టి పెద్దవాళ్లతో ఉన్నప్పుడు మనసుకి నిమ్మళం. మేం ఎక్కినవాటిల్లో టోల్ విడిగా ఇచ్చాం. గ్రాండ్ ప్యాలెస్ లాంటి చోట్ల ఆగి ఉన్న ట్యాక్సీలు మీటరు వెయ్యకుండా నోటికొచ్చిన రేటు చెబుతాయి. బేరమాడే ఓపిక లేకపోతే నాలుగడుగులు ముందుకి నడిచి, రోడ్డు మీద వెళ్లే బండిని ఆపండి. టుక్‌టుక్‌లకి మీటరే ఉండదు, ఎక్కకముందే రేటు తేల్చుకోవాలి.

కార్డే వాడతానంటే ఖర్చు చూసుకోండి. విదేశీ కరెన్సీలో కడితే మన బ్యాంకు పైన వేసుకునే రుసుము, అంటే ఫారెక్స్ మార్కప్, చాలా కార్డులకి 3.5 శాతం దాకా ఉంటుంది, ఆ మార్కప్ మీద 18 శాతం జీఎస్టీ. 2,500 రూపాయల ప్రయాణాలకి సుమారు 103 రూపాయలు ఊరికే పోతాయి. మార్కప్ లేని కార్డు ఉంటే మాత్రం అదే ఎక్కించుకోండి.

అన్ని ఊళ్లూ ఇలా ఉండవు. దుబాయ్‌లో మా బావమరిది దగ్గరికి వెళ్లినప్పుడు ట్యాక్సీల్లో కార్డు హాయిగా తీసుకున్నారు, మెట్రోకి వాడే నోల్ కార్డుతో కూడా కట్టొచ్చు. అక్కడ ఎయిర్‌పోర్టులో ఎక్కితే మాత్రం మీటరు 25 దిర్హమ్‌లతోనే మొదలవుతుంది, గుండె ఆగినంత పనైంది.

మీ నాన్నగారి జేబులో కూడా రెండు వంద బాత్ నోట్లు, హోటల్ పేరు థాయ్‌లో అచ్చేసిన కార్డు పెట్టండి. రిసెప్షన్‌లో అడిగితే ఇస్తారు. ప్రతూనాం బజారులో అమ్మ మా నుంచి తప్పిపోయి, ఆ కార్డు ట్యాక్సీ ఆయనకి చూపించి, పర్సులోంచి లెక్కపెట్టి ఇచ్చి, మాకంటే ముందే హోటల్‌కి చేరింది.