ఒకే కేబుల్ లాగి స్ప్లిటర్ పెడితే సరిపోదు: డిష్ బిగించకముందే చేయాల్సిన వైరింగ్

గోడలకు ఇంకా ప్లాస్టరింగ్ కాలేదు, హాల్లో ఒక టీవీ, పడకగదిలో ఒకటి. పైనుంచి ఒకే కేబుల్ దించి లోపల స్ప్లిటర్ (ఒక తీగ సిగ్నల్‌ని రెండుగా పంచేది) పెడితే చాలదా అని ఇల్లు కట్టుకుంటున్న ఒకరు అడిగారు. చాలదు. మామూలు కేబుల్ టీవీకి నడిచే పద్ధతి అది, డిష్‌కి కుదరదు.

డిష్ ముందుండి సిగ్నల్ అందుకునే ఎల్‌ఎన్‌బీ అనే పరికరానికి కరెంటు అందించేది సెట్‌టాప్ బాక్సే, అదీ సిగ్నల్ వచ్చే కేబుల్‌లోంచే. బాక్సు 13 వోల్టులు పంపితే ఒక రకం పోలరైజేషన్ (తరంగాలు ఊగే దిశ) ఛానళ్లు, 18 పంపితే రెండో రకానివి వస్తాయి. రెండు బాక్సులూ ఒకే తీగ మీద కూర్చుంటే ఎక్కువ వోల్టేజీదే పైచేయి. హాల్లో 18 వోల్టుల ఛానల్ పెట్టగానే పడకగదిలో 13 వోల్టులవి మాయం. "ఒక టీవీ ఆపితేనే రెండోది వస్తోంది" అంటే ముందు అనుమానించాల్సింది స్ప్లిటర్‌నే. ఒకే తీగ మీద చాలా బాక్సులు నడిపే ప్రత్యేక ఎల్‌ఎన్‌బీలు ఉన్నాయి గానీ, బాక్సులు కూడా వాటికి తగినవే కావాలి.

కాబట్టి బాక్సుకొక కేబుల్, మధ్యలో ఎక్కడా అతుకు లేకుండా, డిష్ నిలబెట్టే చోటి దాకా. ఒకటి చూస్తూ ఇంకోటి రికార్డు చేసే బాక్సులు కొన్ని రెండు కేబుళ్లు అడుగుతాయి. అందుకే హాలుకి రెండు, పడకగదికి ఒకటి లాగండి. గదికొక 25 మిల్లీమీటర్ల పైపు వేసి, లోపల ఒక నైలాన్ తాడు కూడా వదిలేయండి, రేపు కేబుల్ మార్చాల్సి వస్తే గోడ పగలగొట్టే పని ఉండదు. మూలల్లో పొట్టి ఎల్బోలు వద్దు, పొడవాటి బెండ్‌లే వాడండి. ఆర్‌జీ6 అనే రకం డిష్ కేబుల్‌ని 7 సెంటీమీటర్ల వ్యాసార్థం కన్నా బిగుతుగా వంచితే లోపలి తెల్లటి ఇన్సులేషన్ నలిగి, మధ్య తీగ పక్కకి జరుగుతుంది. అప్పుడు సిగ్నల్ మొత్తం పోదు, కొన్ని ఛానళ్లే గళ్లుగళ్లుగా విరుగుతాయి. తప్పు పట్టుకోవడం కష్టమయ్యేది ఇక్కడే. మేకుల క్లిప్పులు గట్టిగా దిగ్గొట్టినా ఇదే గతి.

కేబుల్ 75 ఓమ్‌ల ఆర్‌జీ6 అయి ఉండాలి. పాత ఆర్‌జీ59 గోడలో ఇప్పటికే ఉన్నా వాడకండి. ఎల్‌ఎన్‌బీ నుంచి దిగే సిగ్నల్ 950 నుంచి 2150 మెగాహెర్ట్జ్ వరకు ఉంటుంది. ఆర్‌జీ6లో 100 మీటర్లకు కింది చివర దాదాపు 20 డెసిబెల్స్, పై చివర 30 పైచిలుకు నష్టం. దూరం పెరిగితే పై ఫ్రీక్వెన్సీ ఛానళ్లే ముందు పోవడానికి కారణమిదే. 30 మీటర్ల లోపైతే బెంగ అక్కర్లేదు. అంతకు చాలా మించితే లైన్ యాంప్లిఫయర్‌ని డిష్ దగ్గరే పెట్టాలి. టీవీ దగ్గర పెడితే అప్పటికే కలిసిన రొదను కూడా పెంచుతుంది.

కరెంటు వైర్లున్న పైపులో ఈ కేబుల్ దూర్చకండి. ఇది ముందు భద్రత సంగతి, తర్వాతే సిగ్నల్ సంగతి. పక్కపక్కనే నడవాల్సి వస్తే జానెడు దూరం ఉంచి, దాటాల్సిన చోట అడ్డంగా దాటించండి.

నీళ్లు చేసే నష్టం చాలామంది పట్టించుకోరు. గోడకి రంధ్రం లోపలి నుంచి బయటికి వాలుగా కొట్టాలి. పైకప్పు మీద పైపు మూతి కిందికి తిరిగి ఉండాలి. లోపలికి వెళ్లేముందు కేబుల్ ఒక ఉచ్చులా కిందికి వేలాడితే వాన చుక్కలు అక్కడే రాలిపోతాయి. కేబుల్ చివర పెట్టే ఎఫ్ కనెక్టర్లు తిప్పి ఎక్కించేవి కాకుండా, నొక్కి బిగించే కంప్రెషన్‌వి తీసుకోండి. కేబుల్ లోపల ఇన్సులేషన్ చుట్టూ ఉండే లోహపు అల్లిక పోగు ఒక్కటి మధ్య తీగకు తగిలినా షార్టే.

డిష్ స్తంభాన్నీ కేబుల్ షీల్డ్‌నీ (ఆ అల్లికనే) ఇంటి ఎర్తింగ్‌కే కలిపించండి, అదీ ఎలక్ట్రీషియన్ చేత. వాటికి విడిగా ఇంకో ఎర్త్ పాతి, ఇంటిదానితో కలపకుండా వదలడం ప్రమాదం.

టీవీ వైపు, కేబుల్ బాక్సు కూర్చునే చోటికి రావాలి, తెర వెనక్కి మాత్రమే కాదు. బాక్సు నుంచి తెరకు 40 మిల్లీమీటర్ల పైపు వేయండి. హెచ్‌డీఎంఐ ప్లగ్ వెడల్పు 2 సెంటీమీటర్ల పైనే ఉంటుంది, 25 మిల్లీమీటర్ల పైపు వంపులో ఇరుక్కుంటుంది. అక్కడికే విడి పైపులో ఒక క్యాట్6 (ఇంటర్నెట్) వైరు, కనీసం మూడు ప్లగ్ పాయింట్లు.

ప్లాస్టరింగ్‌కి ముందు, ఏ పరికరమూ తగిలించకుండా మల్టీమీటర్‌తో చూడండి. ఒక చివర మధ్య తీగనీ అల్లికనీ కలిపితే రెండో చివర కొద్ది ఓమ్‌లే రావాలి, విడదీస్తే మీటరు తెగిన తీగలా (OL అని) చూపాలి. నలిగిన కేబుల్ మాత్రం ఈ పరీక్షకు దొరకదు, వంపులన్నీ కంటితో చూడాల్సిందే. రెండు చివర్లకూ గది పేరు రాసి టేపు చుట్టండి. పైన 2 మీటర్లు, బాక్సు దగ్గర ఒక మీటరు అదనంగా వదలండి.