డిస్క్ సమస్య ఉంది... ఏ బైక్ కొనాలి?

ప్రశ్న: నా వయసు 37. ఎత్తు ఐదడుగుల నాలుగంగుళాలు. గుంటూరు నుంచి విజయవాడకు రోజూ బైక్ మీదే ఉద్యోగానికి వెళ్లొస్తాను. నిరుడు నడుము నొప్పి మొదలై ఎడమ కాలిలోకి, పాదం దాకా లాగేది. ఎంఆర్‌ఐ తీసి ఎల్4-ఎల్5 దగ్గర, అంటే నడుములోని నాలుగు, ఐదో వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి డిస్క్ ఉబ్బిందని (డిస్క్ బల్జ్) అన్నారు. మందులు, ఫిజియోథెరపీతో కాలి నొప్పి పోయింది. కానీ సాయంత్రం ఇంటికొచ్చేసరికి నడుము పట్టేస్తోంది. పాత బండి మార్చాలనుకుంటున్నాను. స్నేహితులు బుల్లెట్ తీసుకోమంటున్నారు. నాకు యమహా ఆర్15 ఇష్టం. మా ఆవిడేమో యాక్టివా చాలంటోంది. ఏది మంచిది? అసలు బండి నడపడమే మానేయాలా?
- ఒక పాఠకుడు, గుంటూరు

సలహా: మానేయాల్సిన అవసరం లేదు. బల్జ్ అన్న మాట చూసి టెన్షన్ పడకండి. ఏ నొప్పీ లేనివాళ్లకు స్కాన్ తీసినా నలభై ఏళ్ల వయసులో దాదాపు సగం మందిలో అది కనిపిస్తుంది. కాలి నొప్పి పోయిందంటే నరం మీద ఒత్తిడి తగ్గిందనే అనుకోవచ్చు. అయినా డబ్బు కట్టే ముందు ఇంట్లో ఓ పది అడుగులు మడమల మీద నడిచి చూడండి. ఎడమ పాదం ముందుభాగం పైకి లేవకపోయినా, బొటనవేలిలో పట్టు తగ్గినట్టనిపించినా బండి సంగతి పక్కన పెట్టి ముందు డాక్టర్‌కు చూపించుకోండి.

ఇక బండి విషయం. చాలామంది సీసీ, మైలేజీ, రూపం చూసి కొంటారు. మీరు మాత్రం దాని మీద మీ నడుము ఎలా కూర్చుంటుందో చూసి కొనాలి. వెన్ను నిటారుగా ఉండాలి, పాదాలు తుంటికి దాదాపు కిందుగా ఉండాలి, హ్యాండిల్ అందుకోవడానికి ముందుకు వంగాల్సిన పని ఉండకూడదు. ఇలా కూర్చుంటే గుంత వచ్చినప్పుడు ఫుట్‌రెస్టుల మీద కాస్త లేచి, ఆ కుదుపును మోకాళ్ల మీదికి తీసుకోవచ్చు. డిస్క్ సమస్య ఉన్నవాళ్లకు ఇది చాలా పెద్ద మేలు. పాదాలు బాగా ముందుకు చాపే క్రూజర్ బండ్లు చూడటానికి సుఖంగా ఉంటాయి కానీ, వాటి మీద అలా లేవడం కష్టం. వెన్ను గుండ్రంగా వంగిపోయి, ప్రతి కుదుపూ నేరుగా కింది డిస్కుల మీదే పడుతుంది.

ఆర్15 మీకు వద్దని గట్టిగానే చెబుతాను. సీటు ఎత్తు 815 మిల్లీమీటర్లు, హ్యాండిల్ కిందికి ఉంటుంది. ట్రాఫిక్‌లో గంటసేపు ముందుకు వంగి, మెడ మాత్రం పైకెత్తి కూర్చోవాలి. నడుముతో పాటు మెడ, మణికట్లు కూడా నొప్పి పెడతాయి.

బుల్లెట్ విషయంలో మీ స్నేహితుల మాట పూర్తిగా తప్పు కాదు. క్లాసిక్ 350 లాంటి వాటిలో కూర్చునే తీరు బాగానే ఉంటుంది, హైవే మీద బరువైన బండి స్థిరంగా పోతుంది. ఇబ్బంది ఆగినప్పుడే. దాని బరువు దాదాపు 195 కిలోలు, సీటు ఎత్తు 805 మిల్లీమీటర్లు. మీ ఎత్తుకు రెండు పాదాలూ పూర్తిగా నేలకు ఆనకపోవచ్చు. పార్కింగ్‌లో వెనక్కి లాగడం, సెంటర్ స్టాండ్ వేయడం, పక్కకు ఒరిగితే నడుము తిప్పి ఆపడం... వంగి, మెలితిరిగి బరువు లాగడమే డిస్కుకు అన్నిటికన్నా చేటు. నిరుడే నొప్పి పడిన నడుముతో రోజూ ఆ పని పెట్టుకోవద్దు.

యాక్టివా ఊళ్లో తిరగడానికి బాగుంటుంది. రోజూ అంత దూరానికి నేను ఒప్పుకోను. వెనక చక్రం 10 అంగుళాలే కాబట్టి చిన్న గుంత కూడా గట్టిగా తగులుతుంది. కాళ్లు ముందు పెట్టుకుని కూర్చోవడం వల్ల లేచే వీలూ ఉండదు.

మీకు నేను చెప్పేది హోండా షైన్, హీరో స్ప్లెండర్ తరహా 100-125 సీసీ బండి. బరువు 115 కిలోల లోపే, సీటు 790 మిల్లీమీటర్లకు అటూ ఇటూ, చక్రాలు 18 అంగుళాలు. సీటు మాత్రం ఒక్కో బండికి ఒక్కోలా ఉంటుంది. షోరూమ్ చుట్టూ ఒక రౌండ్ కొడితే ఏమీ తెలియదు. అదే మోడల్ ఉన్న బంధువునో, సహోద్యోగినో అడిగి కనీసం అరగంట నడపండి. దిగాక నడుము ఎలా ఉందో, మర్నాడు పొద్దున లేచేటప్పుడు ఎలా ఉందో గమనించండి. సెల్ఫ్ స్టార్ట్ ఉన్నదే తీసుకోండి.

కొన్నాక వెనక షాక్ అబ్జార్బర్ ఏ మెట్టులో ఉందో మెకానిక్‌ను అడగండి. ఒక్కరే వెళ్లేవాళ్లకు గట్టి మెట్టు అక్కర్లేదు. టైర్లలో గాలి కంపెనీ చెప్పినంతే ఉండాలి, ఎక్కువైతే కుదుపు పెరుగుతుంది. వెనక జేబులో పర్సు వద్దు. ల్యాప్‌టాప్ బ్యాగ్ భుజాలకు వేలాడకుండా దాని అడుగు సీటు మీద ఆనేలా పట్టీలు వదులు చేయండి. మంగళగిరి దగ్గర రెండు నిమిషాలు ఆగి, నడుము మీద చేతులు పెట్టి నెమ్మదిగా వెనక్కి వంగండి. వారంలో రెండు రోజులైనా రైలో బస్సో ఎక్కగలిగితే ఇంకా మంచిది, ఆ దారిలో రెండింటికీ కొదవ లేదు.

చాలామంది నడుము బెల్టు అడుగుతారు. నొప్పి ఎక్కువగా ఉన్న కొన్ని రోజులకు సరే, ఏళ్ల తరబడి దాని మీదే ఆధారపడొద్దు. దాని బదులు రోజూ అరగంట నడక, ఫిజియోథెరపిస్ట్ నేర్పిన వ్యాయామాలు మానకుండా చేయండి. ఏ వ్యాయామంతోనైనా నొప్పి కాలిలోకి దిగుతుంటే అది ఆపేసి వాళ్లకు చెప్పండి. సిగరెట్ అలవాటుంటే మానేయండి, డిస్కుకు అందే పోషణను అది తగ్గిస్తుంది.

మూత్రం ఆగిపోవడం లేదా తెలియకుండా పడిపోవడం, మలం మీద అదుపు తప్పడం, మర్మాంగాల చుట్టూ తిమ్మిరి, కాలు ఒక్కసారిగా బలహీనపడటం... వీటిలో ఏది కనిపించినా మర్నాటి దాకా ఆగకుండా అదే రోజు వెన్నెముక సర్జన్ ఉన్న ఆస్పత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి. బండి మీద కాదు, ఎవరినైనా తోడు తీసుకుని కారులోనో ఆటోలోనో వెళ్లండి.

- ఆర్థోపెడిక్ సర్జన్