డబుల్ డ్యూటీ సంగతి

చిన్నా,

వదిన ఫోన్ చేసింది. పరవాడ ఫార్మా ప్లాంటులో ప్రొడక్షన్ ట్రైనీగా చేరావని చెబితే వీధిలో కనిపించినవాళ్లందరికీ చెప్పుకున్నాను. త్వరగా పర్మనెంట్ చేస్తారని ఎవరు అడిగినా డబుల్ డ్యూటీకి సరే అంటున్నావట. ఆ మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు.

టైముకి వెళ్లు. నీ తర్వాత షిఫ్టువాడు, అదే రిలీవర్, రాకుండా మందు తయారయ్యే రియాక్టర్ వదలకు. బ్యాచ్ రికార్డులో ముందే సంతకం పెట్టకు. ఇవి నీకు తెలిసినవే.

జీడిమెట్లలో మాతో ఒకాయన పనిచేసేవాడు. ఎవరు నాగా పెట్టినా ఆయనే ఉండిపోయేవాడు. బి షిఫ్టు చేసి రాత్రి పదింటికి దిగాల్సిన మనిషి, తెల్లారి ఆరింటిదాకా సరుకుని గిర్రున తిప్పి ద్రవం వేరుచేసే సెంట్రిఫ్యూజ్ దగ్గరే. మోటారు చప్పుడు విని లోడు సమంగా పడిందో లేదో చెప్పేవాడు. మేనేజరు భుజం తట్టి, "నువ్వుంటే నాకు టెన్షన్ లేదయ్యా" అనేవాడు. తీరా షిఫ్ట్ ఇన్‌చార్జి పోస్టు ఖాళీ అయితే ఇంకొకడికిచ్చారు. వాడు మామూలు రోజుల్లో గంట కొట్టగానే బ్యాగు తగిలించుకునే రకం. ఆడిట్ వస్తే మాత్రం నాణ్యత చూసే క్యూఏ వాళ్ల పక్కనే కూర్చుని, పద్ధతి తప్పినచోట రాసే డీవియేషన్ రిపోర్టులు రాయడం నేర్చుకున్నాడు. మావాడు వెళ్లి అడిగితే, "నిన్ను తీస్తే ఆ బ్లాకు ఎవరు చూస్తారు?" అన్నారట. అది పొగడ్తో తిట్టో తేల్చుకోలేక క్యాంటీన్‌లో కూర్చున్నాడు, టీ మీద మీగడ కట్టేదాకా.

ఎక్కువ పని వద్దనను. షట్‌డౌన్, ట్రయల్ బ్యాచ్, ఆడిట్ ఉంటే పిలవకపోయినా ఉండు. అక్కడ నేర్చుకున్నది ఏ కంపెనీకి పోయినా నీతో వస్తుంది. ఎవడో రాలేదని వాడి గంటలు నింపాలంటే మాత్రం డబ్బు లెక్క చూసుకునే ఒప్పుకో. ఓవర్‌టైముకి, అదే ఓటీకి, రెట్టింపు రేటన్నది 1948 ఫ్యాక్టరీల చట్టం నాటినుంచీ ఉన్న రూలు. బేసిక్ మీదే లెక్కకట్టి చేతులు దులుపుకునేవాళ్లు ఉంటారు, పే స్లిప్పు చూసుకో. ట్రైనీలకు ఇస్తారో లేదో ముందే అడుగు. సూపర్‌వైజర్ అయ్యాక చాలాచోట్ల ఓటీ ఎగిరిపోతుంది, గంటలు మాత్రం అలాగే ఉంటాయి.

ఇంకోమాట. రాత్రంతా ఉండే సి షిఫ్టు దిగాక బండి తీశావని తెలిస్తే ఊరుకోను. లంకెలపాలెం దగ్గర హైవే మీద లారీలు ఎలా వస్తాయో నాకు తెలుసు, నిద్రకళ్లతో బ్రేకు అందదు. కంపెనీ బస్సెక్కు, సీటు లేకపోతే నిలబడు. మీసాలొచ్చినవాడికి ఇవన్నీ చెప్పాలా అని విసుక్కోకు.

మొదటి జీతంతో అమ్మకి చీర కొంటానన్నావట, కొను. వీక్లీ ఆఫ్‌కి ఇటు రా, పిన్ని చేపల పులుసు పెడుతుంది. డ్యూటీ దిగీ దిగకుండా బయల్దేరకు, కాసేపు పడుకుని రా.

నీ బాబాయి