గుట్ట మీంచి రాత్రి వరంగల్‌ను ట్రైపాడ్ లేకుండా తీయాలంటే

గోవిందరాజుల గుట్ట ఎక్కి రాత్రి ఎనిమిదింటికి ఊరి లైట్లు తీస్తే అన్నీ గీతలుగా వస్తున్నాయని, కెమెరాతో పాటు వచ్చే 18-55 కిట్ లెన్స్‌కి ట్రైపాడ్ కొనక తప్పదా అని అడిగారు. నేనూ అదే లెన్స్‌తో చాలాకాలం తీశాను. కొనక్కర్లేదు. లైటు చుక్క ఒకవైపుకి సాగిందంటే చెయ్యి కదిలినట్టు. గుండ్రంగా ఉబ్బి మసకగా ఉంటే ఫోకస్ తప్పినట్టు. మీవి గీతలంటున్నారు కాబట్టి లెన్స్ బాగానే ఉంది.

అన్నిటికన్నా ముందు మీరు వెళ్లే టైమ్ మార్చండి. ఎనిమిదింటికి ఆకాశం పూర్తిగా నల్లబడిపోతుంది, ఎక్కడ ఊరు ఆగి ఎక్కడ ఆకాశం మొదలైందో కూడా తెలియదు. పొద్దు గుంకాక 15 నుంచి 30 నిమిషాల మధ్య వెళ్లి చూడండి. ఆకాశం ముదురు నీలంగా ఉంటుంది, వీధి దీపాలు అప్పటికే వెలిగి ఉంటాయి, మిద్దెల అంచులు ఇంకా కనబడుతుంటాయి. డిసెంబరులో అది ఆరు గంటల ప్రాంతం, మే నెలలో ఏడు. నాకు నచ్చిన ఫొటోలన్నీ ఆ పావుగంటలో వచ్చినవే.

ఆ వెలుతురులో లెన్స్‌ను జూమ్ చేయకుండా 18 దగ్గరే ఉంచి, ఎపర్చర్ (లెన్స్ లోపలి రంధ్రం) 3.5, ఐఎస్ఓ (వెలుతురును కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) 1600, షట్టర్ (వెలుతురు లోపలికి వచ్చే సమయం) సెకనులో 15వ వంతు పెట్టి మొదలుపెట్టండి. మామూలు లెక్క ప్రకారం 18 దగ్గర చేత్తో తీయాలంటే 30వ వంతు కావాలి. లెన్స్‌లో స్టెబిలైజర్ (చేతి కుదుపును సరిదిద్దే ఏర్పాటు) ఉంటే 15, ఒక్కోసారి 8వ వంతు కూడా నిలుస్తుంది. జూమ్ మాత్రం చేయకండి. 55 దగ్గర 80వ వంతు కావాలి, పైగా అక్కడ ఎపర్చర్ 5.6 కాబట్టి లోపలికి వచ్చే వెలుతురు సగానికన్నా తగ్గుతుంది. రెండు వైపులా నష్టమే. మోచేతులు పక్కటెముకలకు ఆనించి, ఊపిరి సగం వదిలి, వరసగా ఐదారు ఫొటోలు కొట్టండి. బటన్ నొక్కే కుదుపంతా మొదటిదానికి పోతుంది, మధ్యలోవి నిలకడగా వస్తాయి.

ఇక ట్రైపాడ్ బదులు కెమెరా కింద నేను వేసే సంచి సంగతి. పాత జీన్స్ కాలు జానెడు కత్తిరించి, అరకిలో పెసలు పోసి రెండు చివరలా గట్టిగా కుట్టాను. మొదట బియ్యం పోశాను కానీ తవుడు పొడి గుడ్డలోంచి రాలి లెన్స్ రింగ్‌లోకి పోయింది. పెసలతో ఆ బాధ లేదు. దాన్ని పిట్టగోడ మీద వేసి, లెన్స్ కింద చేత్తో గుంట చేసి కెమెరా కూర్చోబెట్టి, రెండు సెకన్ల టైమర్ పెట్టి చెయ్యి తీసేస్తే రెండు సెకన్ల షట్టర్ కూడా కదలదు. అప్పుడు ఐఎస్ఓ 200కి దించుకోవచ్చు. కెమెరా బెల్టు మెడలోంచి తీయకండి, గుట్ట మీద గాలి ఎక్కువ.

ఆసరా రాయో గోడో అయితేనే నమ్మండి. భద్రకాళి చెరువు కట్ట మీద ఒక సాయంత్రం ఇనుప రెయిలింగ్ మీద పెట్టి తీస్తే ప్రతి లైటూ రెండుగా పడింది. నడకకు వచ్చినవాళ్లు చెయ్యి ఆనించినప్పుడల్లా అది వణుకుతోంది. అదే సంచి కింద గచ్చు మీద వేస్తే చక్కగా వచ్చింది.

ఎక్కడ తీసినా ఎక్స్‌పోజర్ ఒక మెట్టు, అంటే వెలుతురు సగానికి, తగ్గించండి. నల్లటి భాగం ఎక్కువుంటే కెమెరా దాన్ని వెలిగించబోయి దీపాలను తెల్లగా మాడ్చేస్తుంది. గోడ కూడా దొరకకపోతే చేత్తోనే 16 ఫొటోలు తీసి, కంప్యూటర్‌లో ఒకదానిమీద ఒకటి సరిచేసి సగటు తీస్తే గరుకు (ఐఎస్ఓ పెంచితే ఫొటోలో కనబడే చుక్కలు) నాలుగో వంతుకి పడిపోతుంది. ఫోన్‌లోని నైట్ మోడ్ చేసేదీ దాదాపు ఇదే.

ఇదంతా కదలని వాటికే. సద్దుల బతుకమ్మ రోజు పద్మాక్షి గుట్ట దగ్గర సంచి మీంచి పావు సెకనులో తీస్తే గుట్టా దీపాలూ స్పష్టంగా వచ్చాయి, ఆడుతున్న ఆడవాళ్లంతా పొగలా వచ్చారు. సంచి పక్కనబెట్టి, ఐఎస్ఓ 6400 చేసి, 125వ వంతులో మళ్లీ తీశాను. గరుకు బాగా ఉంది, కానీ వరసలో మూడో మనిషి మా అమ్మేనని తెలుస్తోంది. ఇంట్లో ఫ్రేమ్ కట్టించింది ఆ ఫొటోనే.