పొడి తాగాక చెవుల్లో చిమచిమ

ప్రశ్న: డాక్టర్ గారూ, మా అబ్బాయికి 23 ఏళ్లు, 62 కిలోలు ఉంటాడు. కోచ్ చెప్పాడని జిమ్‌కి వెళ్లే ముందు ఒక పొడి నీళ్లలో కలుపుకుని తాగుతున్నాడు. కాసేపటికే చెవులు, మెడ, వేళ్ల చివర్లు చీమలు పాకినట్టు ఉంటున్నాయట. ఎలర్జీ అనుకుని సెట్రిజిన్ ఇచ్చాను, తగ్గలేదు. కోచేమో ‘పొడి పనిచేస్తోందనడానికి అదే గుర్తు’ అన్నాడట. నాకు టెన్షన్‌గా ఉంది. మాన్పించమంటారా?
– ఒక తల్లి, గాజువాక

జవాబు: అమ్మా, మీరు పంపిన లేబుల్ ఫోటో పెద్దది చేసి చదివాను. ఒక స్కూపులో బీటా-అలనైన్ 3.2 గ్రాములు, కెఫీన్ 200 మిల్లీగ్రాములు. ఆ చిమచిమ మొదటిదాని వల్లే. ఈ అమైనో ఆసిడ్ ఒకేసారి 800 మిల్లీగ్రాములు దాటితే చాలామందికి చర్మంలోని నరాల కొసలు రేగుతాయి. మీవాడు అంతకు నాలుగు రెట్లు ఒక్కసారే తాగేస్తున్నాడు. ఇది హిస్టమిన్ (ఎలర్జీలో ఒంట్లో విడుదలై దురద పుట్టించే పదార్థం) వల్ల వచ్చేది కాదు, అందుకే సెట్రిజిన్‌కి తగ్గలేదు.

మా మేనల్లుడు ఎంవీపీ కాలనీలో మా ఇంట్లో ఉండి చదువుకునే రోజుల్లో ఇలాంటిదే తాగేవాడు. ఒకరోజు పక్కనే కూర్చుని గడియారం చూశాను. పదిహేడో నిమిషానికి చెవి వెనక రుద్దుకోవడం మొదలుపెట్టాడు, గంట దాటాక పోయింది. టార్చి వేసి చూస్తే ఒంటిమీద ఒక్క దద్దురు లేదు. మీరూ అలాగే చూడండి. దద్దుర్లు లేచినా, పెదవులో కనురెప్పలో వాచినా, ఊపిరి ఆడకపోయినా అది ఎలర్జీ కావచ్చు. అప్పుడు విశాఖలోని పెద్దాసుపత్రి కేజీహెచ్ దాకా వద్దామనుకోకండి, గాజువాకలోనే దగ్గర్లో ఎమర్జెన్సీ ఉన్న ఆసుపత్రికి వెంటనే తీసుకెళ్లండి.

కోచ్ మాట తప్పు. బీటా-అలనైన్ వల్ల కండరాల్లో కార్నోసిన్ (కసరత్తులో పుట్టే ఆమ్లాన్ని అదుపు చేసే పదార్థం) పెరుగుతుంది, అదీ వారాల తరబడి రోజూ తీసుకుంటేనే. చెవి చిమచిమలాడటానికీ దానికీ సంబంధం లేదు. అంతగా కావాలంటే కెఫీన్ కలపని విడి పొడి 800 మిల్లీగ్రాముల చొప్పున, మూడు నాలుగు గంటల ఎడంతో తీసుకోవచ్చు. ఇప్పుడున్న పొడిని అలా విడగొట్టి సాయంత్రం దాకా తాగితే కెఫీన్ నిద్ర చెడగొడుతుంది. గుండె దడ వచ్చినా ముందు అనుమానించాల్సింది కెఫీన్‌నే. నన్నడిగితే, సరదాకి జిమ్‌కి వెళ్లే కుర్రాడికి ఇదేదీ అక్కర్లేదు, మాన్పించండి.

డబ్బా మాత్రం పారేయకండి. 1989లో అమెరికాలో ఎల్-ట్రిప్టోఫాన్ అనే ఇంకో అమైనో ఆసిడ్ వేసుకున్నవాళ్లు తీవ్రమైన కండరాల నొప్పులతో 1,500 మందికి పైగా జబ్బుపడ్డారు, కొందరు చనిపోయారు. ఎక్కువమంది వాడింది ఒకే తయారీదారు సరుకని తర్వాత తేలింది. ఎవరు ఏ సరుకు వాడారో తెలియబట్టే అది బయటపడింది. బ్యాచ్ నంబరు, 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రతా సంస్థ) లైసెన్సు నంబరు మీ ఫోటోలో రాలేదు. డబ్బా తిప్పి చూసి రాయండి.