జెన్నె మట్టి మసీదుకు ఏటా ఊరివాళ్లే ఎందుకు పూత వేస్తారు?

మాలి దేశంలోని జెన్నె మసీదుకు ఏటా కొత్త పూత పడకపోతే గోడలు నిలవవు, ఆ పనితనం ఉన్నదేమో ఊరివాళ్ల చేతుల్లోనే. వానలకు పైమట్టి కరిగిపోతుంది మరి. అందుకే వానాకాలం రాకముందే ఊరంతా కదులుతుంది: మేస్త్రీల సంఘం దగ్గరుండి చేయిస్తుంది, కుర్రాళ్లు వరి ఊక కలిపి నానబెట్టిన బురద మోస్తారు, ఆడవాళ్లు నీళ్లు తెస్తారు. గోడల్లోంచి పొడుచుకొచ్చిన తాటి దుంగలు అందానికే అనుకోకండి. మేస్త్రీలు ఎక్కి పనిచేసే పరంజా అదే.

సిమెంటు పూస్తే ఈ బాధ తప్పుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి సిమెంటు తేమను లోపలే బంధించి మట్టిగోడను గుల్ల చేస్తుంది. జెన్నెను 1988లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చిన యునెస్కో వచ్చి పూత వేయదు.